పత్రికయు పాఠకసంఘమును: చాదర్‌ఘాట్ పరిసరముల పూర్వచరిత్ర

ప్రతివర్షమును మహాసభ సమీపించినప్పుడు మన సంఘీయులలో నొక ప్రశ్న పొడచూపుచుండును: మనకు స్వంత పత్రిక యేల యుండరాదు? తీర్మానము సులభముగ నెగ్గును, చప్పట్లు మ్రోగును, మరుసటి వత్సరమున మరల నదే ప్రశ్న. పత్రికను పెట్టుట కష్టము కాదు. కాగితమును, అచ్చును, సంపాదకుని ధనముతో సమకూర్చుకొనవచ్చును. పాఠకులను మాత్రము ధనముతో కొనజాలము. చందా చెల్లించిన వాడెల్ల పాఠకుడు కాడు. చదివినవాడెల్ల పత్రిక తనదని తలపడు. ఆ తలంపు పుట్టు విధమెట్టిదో తెలిసికొనగోరు వారు దూరదేశముల కేగ నక్కరలేదు. మూసీనది యుత్తరపు గట్టున, చాదర్‌ఘాట్ మొదలుకొని కోఠి, ఆబిడ్సు, నాంపల్లి వరకు గల రెండు మైళ్ల నేలమీద దానికి వలసిన చరిత్ర చాలవరకు జరిగియున్నది. అందు కొన్ని భాగములను చదువరుల ముందుంచుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

చాదర్‌ఘాట్ ప్రాంతమునకు ఆంగ్లేయుల రెసిడెన్సీ వలన నొక ప్రత్యేకత కలిగినది. కోఠిలోని రెసిడెన్సీ భవనమును 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో కిర్క్‌పాట్రిక్ కట్టించెను. దానిని చుట్టుకొని వెలసిన బజారులు 1933లో మరల నిజాము ప్రభుత్వము వశమగువరకు రెసిడెంటు అధికారమున నుండెను. నగరమున మరియొకచోట సంకోచముతో జరుపవలసిన పని యిచ్చట కొంత నిస్సంకోచముగ జరుపుకొన వీలుండెడిది. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావుగారి యింట పుట్టినది. కొమర్రాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారును అందులకు తోడు నిలిచిరి. కచ్చేరీలలో ఉర్దూయు, బడులలో ఉర్దూయు నున్న రాజ్యమున, తెలుగు పుస్తకమును పత్రికను చదువగోరు వాడు కూర్చుండుటకొక చాప, చూచుటకొక దీపము, మాటలాడుటకు మరియొక మనుష్యుడు దొరకిన స్థలమది. పాఠకసంఘమునకు మొదటి యంగము పత్రిక కాదనియు, పదుగురు కలిసి చదువుకొను చోటు అనియు మా యభిప్రాయము.

ఆ మిత్రమండలియే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించెను. అబ్రహాము లింకను చరిత్రమును గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిచే వ్రాయించి 1907లో ప్రకటించెను. మండలి 1908లో మదరాసునకు తరలిపోయినను, అది నేర్పిన పద్ధతి యొకటి తెలుగువారికి నిలిచిపోయినది. అది స్థిర చందాదారుల పద్ధతి. గ్రంథము వెలువడక పూర్వమే దానిని కొనెదనని మాట యిచ్చినవాడు దుకాణమునకు వచ్చిన కొనుగోలుదారువంటి వాడు కాడు. రాబోవు గ్రంథము చరిత్రమో, రసాయనమో, జీవశాస్త్రమో యని యెదురుచూచును, ఆలస్యమైనచో జాబు వ్రాసి నిలదీయును. ఆ నిలదీత సంపాదకులకు చీకాకే. కాని జాబులు రాని కార్యాలయముకంటె చీకాకు పెట్టు జాబులు వచ్చు కార్యాలయము పదిరెట్లు భాగ్యవంతమైనది.

1921 నవంబరున వివేకవర్ధనీ పాఠశాలలో జరిగిన సంఘసంస్కార సభా వృత్తాంతము మన పెద్దలు పలుమారులు చెప్పినదే. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగా సభలో గేలి చెలరేగెను. ఆ రాత్రి కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించుకొనిరి. ఈ యుదంతమును సాధారణముగ భాషాభిమానమునకు దృష్టాంతముగ చెప్పుదురు. మేము వేరొక సంగతి గమనించితిమి. ఆ రాత్రి కూడినవారికి జరిగిన యవమానమును మరునాడు పల్లెలకు తెలుపుటకు చెప్పుకోదగిన తెలుగు పత్రిక రాజ్యమున లేకుండెను. 1913లో మహబూబునగరమున పుట్టిన హితబోధిని నిలువలేదు. మరుసటి యేడు, 1922లో, ఆ కొరత తీర్చుటకు రెండు పత్రికలు నగరమునగాక జిల్లాలలో పుట్టుట వింత. నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరిని, ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. ఇనుగుర్తి సోదరులు తామే వ్రాసి, తామే యక్షరములు కూర్చి, తామే యచ్చొత్తి పంపుచుండిరి. పట్టుదల వారికి కొదువ లేదు. కాని యిద్దరి భుజములమీద నిలిచిన పత్రిక యెంత మోసిననేమి, ఆ భుజములు అలసిన దినమున నిలిచిపోక తప్పదు. ఆ రెండు పత్రికలును చిరకాలము నడువలేదు.

1926 మే 10వ తేదీన సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడుటతో కథ మరియొక మలుపు తిరిగినది. వారమునకు రెండుసారులు వచ్చు పత్రిక యది. ప్రతాపరెడ్డిగారు అప్పటికే రెడ్డి హాస్టలు వ్యవహారములలో పనిచేయుచుండిరి. 1918లో స్థాపింపబడిన ఆ వసతిగృహము ఒక కులమువారి విద్యాభివృద్ధికై పుట్టినదే యైనను, దాని పరిసరమున పెరిగిన పత్రిక ఆ కులమువారి పత్రికగ మాత్రము మిగులలేదు. మన సంఘీయులు దీనిని గుర్తింపవలెను. కులసంఘముల ధనమును, పలుకుబడియు పత్రికకు పునాది కావచ్చును, గోడలు కారాదు.

గోలకొండ పత్రిక పాఠకులను సంపాదించిన మార్గము మిక్కిలి సామాన్యమైనది. పల్లెనుండి వచ్చిన జాబునకు విలువ యిచ్చుట యొక్కటే. వెట్టిచాకిరి, అధికారుల దౌర్జన్యము, బడి లేకపోవుట, గ్రంథాలయమునకు అనుమతి రాకపోవుట - ఇట్టి విషయములు నాడు రాజధానిలో నెవ్వరికిని వార్తలు కావు. అనుభవించు వానికి మాత్రము అవియే వార్తలు. తన యూరి పేరు అచ్చులో చూచుకొన్న రైతు పత్రికను చదువుట చేతగాకున్నను దానిని దాచుకొనును, చదువు వచ్చిన కుర్రవానిని పిలిచి చదివించుకొనును. సభ జరుపవలెనన్న ముందుగ ననుమతి పొందవలెనను గస్తీ నిషాను 53 అమలులోనున్న రాజ్యమున, పదిమంది యొకచోట కూడుట కష్టమైనప్పుడు పదివేలమంది విడివిడిగ నొకే పుట చదువుట యొక విధమైన సభయే కదా! ఆ సభకు అధ్యక్షుడు లేడు, అనుమతి యక్కరలేదు. అందువలననే కాబోలు సర్కారువారికి పత్రికమీద సభలమీదకంటె తక్కువ కన్ను లేకుండెను. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు అధ్యక్షస్థానమున ప్రతాపరెడ్డిగారే కూర్చుండుట యాదృచ్ఛికము కాదు. నాలుగేండ్లు కంటికి కనబడక కూడిన సభ నాడు కంటికి కనబడినది.

ఈ పత్రిక చేసిన పనులలో మా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది గోలకొండ కవుల సంచిక. నిజాము రాష్ట్రమున చెప్పదగిన తెలుగు కవులు లేరని యొక పండితుడు వ్రాసెను. దానికి సంపాదకీయములో ఘాటైన ప్రత్యుత్తర మొకటి వ్రాసి యూరకుండుట సులభము. మనలో ననేకు లట్లే చేసియుందురు. ప్రతాపరెడ్డిగారు అట్లుగాక, కవులున్నారా లేరా యను ప్రశ్నను పాఠకుల మీదనే పెట్టిరి. మీ పద్యములను పంపుడు, మీ యూరిలోని కవి పేరు తెలుపుడు, అని కోరిరి. 1934లో సంచిక వెలువడునప్పటికి అందు 354 మంది కవులుండిరి. వారిలో స్త్రీలును కలరు.

ఆ 354 పేర్లలో నందరును మహాకవులని మేము చెప్పబోము. అచ్చు పడిన పద్యములలో సామాన్యములైనవి బహుళముగ నుండుట సహజము. విమర్శకులు తూనికరాళ్లు వెంటగొని వచ్చినచో సగము పుటలు తేలిపోవచ్చును. కాని యది కవిత్వపు తూనిక కాదు, జనసంఖ్య లెక్క. తానొక్కడే చీకటిలో పద్యము లల్లుకొనుచుంటినని తలచిన పల్లెటూరి పంతులు, తనవంటివారు మరి 353 మంది కలరని యా దినమున నెరింగెను. అంతవరకు పత్రికకు పాఠకుడుగ నున్నవాడు నాటినుండి పత్రికలోనివాడయ్యెను. ఒక పత్రిక తన చదువరులకు చేయగల యుపకారములలో దీనికంటె గొప్పది మాకు తోచుటలేదు.

ఇక చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవనమువైపునకు పోవుదము. మన మహాసభవంటి సభలకు గోలకొండకంటె నీ చరిత్ర యెక్కువ దగ్గర, ఎక్కువ కఠినము కూడ.

మాదరి భాగయ్యగా 1888లో పుట్టి భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధికెక్కిన మహనీయుడు 1906లో జగన్మిత్ర మండలిని నెలకొల్పెను. హరికథలు, భజనలు, ఉపన్యాసములు దానికి సాధనములు. 1911లో అది మాన్యసంఘమయ్యెను, తరువాత ఆది హిందూ సేవాసంఘముగ పరిణమించెను. జోగినీ దురాచారమును, బాల్యవివాహములను, మద్యపానమును ఖండించుచు ఆయన వాడవాడ తిరిగి మూడువేలకు మించిన యుపన్యాసము లిచ్చినట్లు చెప్పుదురు. 1910లో ఈసామియా బజారున బడి నొకదానిని తెరచెను. క్రమముగ నట్టి బడులు పెరిగి, 1930ల తొలి భాగమునకు 26 అయ్యెను. తెలుగున బోధించు ఆ బడులను 1934 ప్రాంతమున ప్రభుత్వము స్వీకరించినది. 1917లో బెజవాడలో కూడిన పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించి, పంచము లను మాటనే త్రోసివేసి, తాము ఈ నేలకు ఆదివాసులమని చాటినదియు నాయనయే.

ఇన్ని చేసిన పిదప, 1931లో, ఆయన భాగ్యనగర్ పత్రికను వెలువరించెను. ఆ పత్రిక పక్షమునకొకసారి వచ్చెడిది. సంవత్సరములను మరల చూడుడు. మొదటి మండలికిని మొదటి పత్రికకును నడుమ నిరువదియైదు సంవత్సరములు. ఆయనకు పత్రిక విలువ తెలియక యాలస్యము చేసెనని యనుకొనుట పొరపాటు. నాడు హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందియైన అక్షరాస్యులు లేరు, ఆయన యెవరికొరకు పాటుపడెనో యా వాడలలో నంతకంటెను తక్కువ. అట్టివారికి 1906లో పత్రిక యిచ్చుట ఆకలిగొన్నవానికి విత్తనములమూట యిచ్చుటయే. అందుచేత మొదట వినువారిని కూర్చెను. వినువారి బిడ్డలకు బడి పెట్టి చదువువారిని చేసెను. ఆ చదువువారి చేతులలో తుదకు పత్రికను పెట్టెను. తండ్రి భజనలో విన్న మాటను కొడుకు అచ్చులో చదివి తండ్రికి వినిపించు నిల్లు ఆ పాఠకసంఘమునకు ప్రాణము. మన తీర్మానములలో ఈ క్రమము తలక్రిందగుచున్నది. మనము పత్రికను ముందు పెట్టి చదువరులకై వెనుక వెదకుచున్నాము.

ఆ పత్రికలోనే ఆయన వ్రాసిన 'వెట్టి మాదిగ' యను కథ ప్రకటింపబడెను. వెట్టికి బలియైనవాని బ్రతుకు ఆ వాడలలో పుట్టిన కలముచేత, ఆ వాడలవారి పత్రికలో, తెలుగున కథయగుట చిన్న సంగతి కాదు. నాడు పేరెన్నికగన్న సాహిత్య మాసపత్రికలు రాజధానిలోను మదరాసులోను లేకపోలేదు. 1924లో పుట్టిన భారతి యుండెను, ఇచ్చటనే 1927లో పుట్టిన సుజాత యుండెను. ఆ కథకు వానిలో చోటు దొరకెడిదో లేదో మేము విచారింపము. తన యింటి సంగతి తన యింటివారితో మొదట చెప్పుకొనుటకు స్వంత పత్రిక కావలెను, కులసంఘములు పత్రికలు నడుపుటకు న్యాయమైన కారణ మిదియే. తమ పెద్దల స్తోత్రములు అచ్చువేసికొనుట కారణము కాదు. 1939లో భాగ్యరెడ్డివర్మ పరమపదించెను. ఆ కథ యనేక దశాబ్దములు మరుగునబడి, పరిశోధకుల శ్రమవలన మరల వెలుగు చూచినది.

పాఠకులతో చేరువగుటకు పత్రికలు పన్నిన యుపాయములు దేశకాలములనుబట్టి మారుచు వచ్చినవి. లండను నగరమున 1713లో ఆడిసన్ తన గార్డియన్ పత్రికకు వచ్చు జాబులకై బట్టన్ కాఫీగృహమున సింహముఖము గల పెట్టె నొకదానిని పెట్టించెను. పాఠకులు ఆ సింహము నోట తమ వ్రాతలను వేసి పోవుచుండిరి. మన బందరులో ముట్నూరి కృష్ణరావుగారు సింహమును పెట్టలేదు, సాయంకాలపు దర్బారును పెట్టిరి. కృష్ణాపత్రిక కార్యాలయమునకు కవులు, గాయకులు, ఊరివారు వచ్చి కూర్చుండెడివారు. ఆ సంభాషణల వేడి సంచికలో తెలిసెడిది. 1928లో డాక్టరు కేసరిగారు నెలకొల్పిన గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారద యను పేర కల్పలత యను నెచ్చెలికి వ్రాయు జాబులుగ సంగతు లన్నియు చెప్పుచుండిరి. జాబు కల్పలతకే యైనను, తెలుగుదేశమున ప్రతి యిల్లాలును అది తనకు వచ్చినదనియే విప్పుకొనెడిది. ఉపన్యాసపీఠముమీదినుండి దిగి వచ్చి ప్రక్కన కూర్చుండినట్టి స్వరమది. 1934లో ఆ పత్రిక మొదటి స్వర్ణకంకణము నామెకే యిచ్చి గౌరవించినది. తరువాతి కాలమున చందమామ ఫొటోవ్యాఖ్యల పోటీతో పిల్లలచేత పోస్టుకార్డులు వ్రాయించినది. బహుమతి స్వల్పమే; పేరు అచ్చులో చూచుకొను సంబరము స్వల్పము కాదు.

ఉపాయము లెన్ని యున్నను నమ్మకము లేనిది పాఠకుడు నిలువడు. ఆ నమ్మకమునకు వెల యెంతవరకు పోగలదో చాదర్‌ఘాట్‌కు కూతవేటు దూరముననున్న కాచిగూడ ప్రాంతము చూచినది. ఉర్దూ దినపత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్, రజాకారుల నెదిరించి వ్రాసినందులకు 1948 ఆగస్టున రాత్రివేళ కార్యాలయమునుండి యింటికి పోవుచు దారిలో హతుడయ్యెను. పత్రిక పుట్టి సంవత్సరమైన నిండలేదు. అతని భాష ఉర్దూ, అతని మతము ఇస్లాము. తెలుగు పత్రికల చరిత్ర వ్రాయువారు అతనిని విడిచిపెట్టుచుందురు. ఆ నాటి నగరవాసులు ఏ పత్రికను ఏ భాషలో చదివినను తమకొరకు నిలిచినవా డెవ్వడో యెరుగుదురు గనుక మేము విడిచిపెట్టజాలము.

మరల మన సంగతికి వత్తము. ఇట్టి వార్షిక సంచికలలో పోషకుల ఛాయాచిత్రములు, ప్రముఖుల సందేశములు, ప్రకటనలు సగము పుటల నాక్రమించుట పరిపాటి. పోషకులు లేనిదే సంచిక లేదు. వారి యౌదార్యమును మేము తక్కువచేయుటలేదు. కాని సంచిక చేతబట్టిన సామాన్య సంఘీయుడు మొదట తన యూరి పేరుకై వెదకును. అది కనబడనిచో ఛాయాచిత్రములను తిరుగవేసి చూచి, సంచికను అటుకమీద పెట్టును. ఈ సంవత్సరము ప్రతి గ్రామశాఖనుండి యొక పుటకు మించని జాబు వచ్చినచో - బడిపిల్లల సంఖ్య, వసతిగృహపు కష్టములు, వలసపోయినవారి క్షేమము, ఎవ్వరు చదువులో నెగ్గినది, ఎవ్వరు నిష్క్రమించినది - వచ్చే సంచిక అటుక యెక్కదు. నేడు చేతి ఫోనులలో క్షణమునకొక వార్త వచ్చి పోవుచున్నది నిజమే. వచ్చినంత వేగముగ అది కొట్టుకొనిపోవుచున్నది. నిన్నటి మాట నేడు వెదకిన దొరకుట గగనము. అరువదియేండ్ల తరువాత మన మనుమలు మన బ్రతుకులను వెదకుకొనుటకు అచ్చైన పుట యొకటి యుండవలెను.

పాత పుటల గతి మాత్రము తృప్తికరముగ లేదు. మన పెద్దలు నడిపిన చిన్న పత్రికలు, సభల నివేదికలు, చందా రసీదు పుస్తకములు, సంపాదకునకు వచ్చిన జాబుల కట్టలు ఇండ్ల మార్పులలోను, పంపకములలోను, చెదలచేతను పోవుచున్నవి. 1908 సెప్టెంబరున మూసీ వరద ఈ ప్రాంతపు టిండ్లతోపాటు ఎన్ని కాగితములను కొనిపోయెనో లెక్క లేదు. వరద రాకయే పోవుచున్న వాటికైనను లెక్క యుండవలెను. ఏ సంఘీయుని యింటనైన 1950కి పూర్వపు సంచిక యొక్కటియైనను, అట్ట చినిగినదైనను, నడుమ పుటలు లేనిదైనను ఉన్నచో మహాసభ జరుగు దినములలో కార్యాలయపు బల్లకడకు తెచ్చి చూపవలెనని కోరుచున్నాము. దానిని అచ్చటనే ఛాయాప్రతి తీయించి, మూలమును సొంతదారుకు వెంటనే తిరిగి యిచ్చెదము. ప్రతిని చదువరులకు అందుబాటున నుంచుటకు సుల్తాన్‌బజారులోని భాషానిలయమువారిని మేము స్వయముగ వెళ్లి అభ్యర్థింపనున్నాము.